అరుంధతిని చూపించే చోటైనా దీపాన్ని నేలకు తిప్పండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో గుంటూరు రాత్రి వెలుగుల ఫోటో వేశారు. డ్రోన్‌తో పైనుంచి తీసిన ఫోటో. ఊరంతా తెల్లగా మెరిసిపోతోంది. మా ఇంట్లో అందరూ బాగుందన్నారు. నేను మాత్రం కళ్లజోడు పెట్టుకుని ఒక్కో దీపాన్నీ వేలు పెట్టి చూశాను. రోడ్డు మీద పడాల్సిన వెలుగు, అంత ఎత్తున ఎగిరే కెమెరా కంట్లో నేరుగా పడుతోందంటే ఆ దీపం పైకి తిరిగి ఉందన్నమాట. అలా పైకి పోయే వెలుగుకు కూడా కింద మీటరు తిరుగుతూనే ఉంటుంది.

నేను 1982లో విద్యుత్ శాఖలో చేరాను. లైన్‌మన్‌గా, ఆ తర్వాత లైన్ ఇన్‌స్పెక్టర్‌గా మొత్తం 36 ఏళ్లు చేసి 2018లో రిటైరయ్యాను. స్తంభాలెక్కి దీపాలు వెలిగించడమే నా బతుకుతెరువు. కాబట్టి నేను దీపాలు వద్దంటున్నానని ఎవరూ అనుకోవద్దు. చీకటి సందులో ఆడపిల్ల ఒక్కతే నడిచి వస్తుంటే ఆ తల్లిదండ్రులకు ఎంత టెన్షనో నాకు తెలుసు, నాకూ కూతురుంది. ఫ్యూజు పోయిందని అర్ధరాత్రి ఫోన్ వస్తే పరుగెత్తినవాణ్ణి. నేను అడిగేది దీపం మూతి ఎటు తిరిగి ఉందని మాత్రమే.

అసలు నాకు ఆకాశం మీద ఇంత మమకారం ఎందుకు పుట్టిందో చెప్పాలి. 1990 మే 9న వచ్చిన తుఫాను మీ పాఠకుల్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రేపల్లె వైపు స్తంభాలన్నీ చేలల్లో అడ్డంగా పడిపోయాయి. మమ్మల్ని గ్యాంగులుగా అటు పంపారు. పగలంతా స్తంభాలు లేపడం, వైరు లాగడం. రాత్రి ఎక్కడ పని ఆగితే అక్కడే పడక. రెండు వారాలు దాటాయి, అమావాస్య దగ్గరపడింది. చుట్టుపక్కల ఊళ్లలో ఒక్క బల్బు లేదు. ఒక రైతు ఇచ్చిన నులకమంచం మీద పడుకుని, రాత్రి ఒంటిగంటకో రెండుకో మెలకువ వచ్చి చూస్తే దక్షిణం వైపు నుంచి నడినెత్తి దాకా తెల్లటి మబ్బు. మళ్లీ వాన వస్తే రేపు పని సాగదే అని దిగులుపడి దాన్నే చూస్తూ ఉన్నాను. ఎంతసేపటికీ చెదరడం లేదు. పక్క మంచం మీది పెద్దాయన లేచి కూర్చుని, "అది మబ్బు కాదయ్యా, పాలవెల్లి" అన్నాడు. పాలపుంతనే ఆయన అలా అన్నాడు. వినాయక చవితికి దేవుడి మీద కట్టి, పండ్లూ కాయలూ వేలాడదీసే చట్రానికి ఆ పేరు ఎక్కడిదో ముప్ఫై రెండేళ్ల వయసులో ఆ మంచం మీద తెలిసింది నాకు. మూడో రోజు ఆ ఊరికి లైన్ ఛార్జ్ చేశాం. జనం చప్పట్లు కొట్టారు, ఒకావిడ మా అందరికీ బెల్లం ముక్క చేతిలో పెట్టింది. అంత సంతోషం నా సర్వీసులో మళ్లీ పొందలేదు. పాలవెల్లిని కూడా అంత బాగా మళ్లీ చూడలేదు.

రిటైరయ్యాక రెండేళ్లు ఏమీ తోచలేదు. 2020 డిసెంబరు 21 సాయంత్రం పాల ప్యాకెట్ కోసం బయటికి వచ్చాను. మా వీధి మలుపులో కళ్లద్దాల షాపు నడిపే ఆయన కల్వర్టు పక్కన పెద్ద పీవీసీ గొట్టంతో చేసిన టెలిస్కోప్ నిలబెట్టి, దారినపోయే వాళ్లందరినీ పిలుస్తున్నాడు. "అన్నా, ఒక్క నిమిషం, ఇందులో కన్ను పెట్టి చూడు" అన్నాడు. చూశాను. ఒకే గుండ్రంలో గురుడు, శని. గురుడి పక్కన వరసగా చిన్న చిన్న చుక్కలు, వాటికి కాస్త ఎడంగా ఉంగరం తొడుక్కుని శని. ఆ రెండు గ్రహాలూ పదో వంతు డిగ్రీ ఎడంలోకి వచ్చిన రోజట అది. నేను పక్కకు జరగలేదు. వెనక ఆటో డ్రైవరు "పెద్దాయనా, మాకూ ఇవ్వండి" అని భుజం తట్టాడు. పాల ప్యాకెట్ మాట ఇంటికి వెళ్లాక గుర్తొచ్చింది.

ఆ గొట్టంలో ఉన్న ఆరంగుళాల అద్దాన్ని ఆయన తన చేతులతోనే అరగదీశాడు. మందపాటి గాజు బిళ్లలు రెండు తీసుకుని, ఒకదాన్ని ఇనుప డ్రమ్ము మీద కదలకుండా బిగించి, మధ్యలో కార్బొరండం అనే గరుకు పొడి, చారెడు నీళ్లు వేసి రెండోదాన్ని పైన పెట్టి తోస్తాడు. అన్ని వైపులా సమంగా అరగాలి కాబట్టి డ్రమ్ము చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నట్టు తిరుగుతూ తోయాలి. పై బిళ్ల గుంటపడుతుంది, కిందిది ఉబ్బుతుంది. బరక పొడితో మొదలుపెట్టి మెత్తటి పొడి దాకా వచ్చి, చివరికి తారు మీద సీరియం ఆక్సైడ్ పూసి పాలిష్ పడతాడు. ఆ అద్దంలో హెచ్చుతగ్గులు మిల్లీమీటరులో పది వేల వంతు కూడా దాటకూడదు. అంత చిన్న తేడా కంటికి ఎలా కనిపిస్తుందని అడిగాను. ఒక చిన్న బల్బు, గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చాడు. అద్దం నుంచి తిరిగొచ్చే వెలుగుకు బ్లేడు అంచును మెల్లగా అడ్డం జరుపుతుంటే, నున్నగా ఉందనుకున్న గాజు మీద నీడలు లేచాయి. పొద్దువాలాక దున్నిన చేను ఎగుడుదిగుళ్లు కనిపించినట్టే. ఎనిమిది నెలల ఆదివారాలు పెట్టాడు ఆయన దాని మీద. ఇప్పుడు రెండోది మొదలుపెట్టాం, ఎనిమిదంగుళాలది. డ్రమ్ము చుట్టూ తిరిగే వంతు నాకూ వస్తోంది.

కొరిటెపాడులో ఒక డాబా మీద శనివారం రాత్రుళ్లు పదకొండు మందిమి కలుస్తాం. మిర్చి యార్డులో గుమస్తా ఒకరు, ఆస్పత్రి నర్సు ఒకావిడ, టైర్ల షాపులో పనిచేసే కుర్రాడు, ఇంటర్ చదివే అమ్మాయి, ఇలా. మాకు ప్రెసిడెంటూ లేడు, సెక్రటరీ లేడు, చందా లేదు. ఎవరికి వీలైతే వాళ్లు ఫ్లాస్కులో టీ తెస్తారు. మా కార్యక్రమం అంతా గోడ క్యాలెండర్‌లో తిథిని బట్టే. శుక్ల పంచమి నుంచి దశమి లోపు వచ్చే శనివారమైతే చంద్రుడు. వెలుగూ చీకటీ కలిసే అంచున గుంటలు, కొండల నీడలు అప్పుడే బాగా తేలతాయి. పున్నమినాడు మొహమంతా వెలుగే కాబట్టి ఏమీ తెలియదు. అమావాస్యకు అటూ ఇటూ అయితే తలా కొంత వేసుకుని వ్యాన్ మాట్లాడుకుని సూర్యలంక వెళ్తాం. అక్కడ సముద్రం మీద చలికాలం రాత్రి దక్షిణాన అగస్త్య నక్షత్రం ఒంటరిగా వెలుగుతుంటుంది. వేసవిలో కాస్త ఓపిక పడితే, ఉత్తరాది వాళ్లకు అంత ఎత్తున కనిపించని ఒమేగా సెంటారీ అనే చుక్కల ముద్ద బైనాక్యులర్‌లో ఉప్పు పోసినట్టు కనిపిస్తుంది.

డాబా మీద మాకొక కొలత ఉంది. సప్తర్షుల్లో నాలుగు చుక్కలు మంచం కోళ్లలా, మూడు చుక్కలు తోకలా ఉంటాయి కదా. మంచానికీ తోకకూ అతుకు దగ్గర ఉండే చుక్క అత్రి మహర్షి, ఏడుగురిలో మసకగా ఉండేది ఆయనే. మెట్లెక్కి పైకి వచ్చేవాళ్లు ముందు అడిగే ప్రశ్న "అత్రి ఉన్నాడా?" అని. ఉన్నాడంటే ఆ రాత్రి పని జరుగుతుంది. లేడంటే గ్రహాలు చూసుకుని దిగిపోవడమే. ఈ ఐదేళ్లలో అత్రి లేని రాత్రులు ఎక్కువవుతూ వచ్చాయి. మిగిలిన ఆరుగురూ ఉంటారు, ఆయన చోటు ఖాళీగా ఉంటుంది.

జనం రారనుకోకండి. నిరుడు కార్తీకంలో శని గ్రహం చూపిస్తున్నాం. ఇంటి ఓనరు గారి అమ్మగారు మెట్ల మీదే ఆగిపోయారు. ఆమెకు ఏలినాటి శని నడుస్తోందట, ఎదురుగా చూడకూడదన్నారు. ఆమెను నవ్వులాట పట్టించే మనిషి మాలో లేరు. మా ఇంటర్ అమ్మాయి పక్కన కూర్చుని లెక్క చెప్పింది. "మామ్మగారూ, శని సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు. రాశులు పన్నెండు. రాశికి రెండున్నర ఏళ్ల లెక్కన మూడు రాశులకు ఏడున్నర. మీరనే ఏలినాటి ఇదే." ఆమె కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. "అయితే కంటితో చూసే లెక్క వేశారన్నమాట మనవాళ్లు" అని లేచి వచ్చి కన్ను పెట్టారు. 2025లో శని వలయాలు మన వైపు అంచుగా తిరిగాయి, పదిహేనేళ్లకోసారి అలా అవుతుంది. అందుకని ఉంగరం కనిపించదు, సన్నటి గీతే. ఆమె చాలాసేపు చూసి, "పూసకు సూది గుచ్చినట్టున్నాడే" అన్నారు. అంత సరిగ్గా మాలో ఎవరమూ చెప్పలేకపోయాం.

యార్డు గుమస్తా గారిది రైతు కుటుంబం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పుట్టినప్పటి నుంచీ వింటున్నా, రోహిణి చుక్క ఏదో ఆయన ఎప్పుడూ చూడలేదు. రోహిణి కార్తె ఎండల్లో ఆ చుక్క కనిపించదు, ఎందుకంటే సూర్యుడు అప్పుడు దాని పక్కనే ఉంటాడు. కార్తె అంటే అర్థమే అది. ఆర్నెల్లు ఆగి మార్గశిరంలో పొద్దుగూకాక తూర్పున ఎర్రగా లేచిన రోహిణిని, దాని పైన పిల్లలకోడిని, అంటే కృత్తికల గుంపును చూపించాం. ఆయన వెంటనే ఊళ్లో ఉన్న వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి బయటికి వచ్చి చూడమన్నారు.

1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం పట్టినప్పుడు మా అమ్మ నన్నూ, ఏడో నెల గర్భంతో ఉన్న మా అక్కనూ గదిలో పెట్టి కిటికీలకు దుప్పట్లు కట్టింది. నాకు ఇరవై రెండో ఏడు. వీధిలో కుక్క తప్ప మనిషి లేడు. అదే వయసు పిల్లలు 2025 సెప్టెంబరు 7 రాత్రి మా డాబా నిండా ఉన్నారు. పదకొండింటికి చంద్రుడు పూర్తిగా ఎర్రబడి, పన్నెండూ ఇరవై రెండు దాకా అలాగే ఉన్నాడు. మబ్బులు అడ్డొచ్చినప్పుడల్లా అయ్యో అనడం, తొలగగానే కేకలు. చంకలో బిడ్డలతో తల్లులు వచ్చారు. అమ్మ ఉంటే ఆవిడకూ చూపించేవాణ్ణి.

ఇక ఫంక్షన్ హాల్ సంగతికి వస్తాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

మా డాబాకు ఉత్తరంగా ఒక ఫంక్షన్ హాల్ ఉంది. పేరు రాయను. రెండేళ్ల కిందట దాని పిట్టగోడ మీద 200 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు నాలుగు బిగించారు. ముందున్న ఆర్చి కనిపించాలని వాటి మూతులు పైకి ఎత్తారు. ఆర్చి మీద పడేది పావు వంతు, మిగిలిందంతా ఉత్తరపు ఆకాశంలోకి. అత్రి సంగతి సరే, ధ్రువ నక్షత్రమే పోయింది. గుంటూరుకు ధ్రువుడు ఎత్తులో ఉండడు, పదహారు డిగ్రీల మీద, అంటే చాచిన చేతి పిడికిలికి ఒకటిన్నర రెట్లు ఎత్తున ఉంటాడు. సరిగ్గా ఆ మెరుపులో పడిపోయాడు. పైగా ఆ దీపాలు నీలం ఎక్కువ కలిసిన తెల్లటివి. పగలు ఆకాశం నీలంగా ఎందుకుంటుందో, రాత్రి ఆ వెలుగు ఎక్కువగా చెదరడానికీ అదే కారణం. పాత సోడియం దీపాల పసుపు వెలుగు ఇంతగా చెదరదు.

మొదటిసారి వెళ్తే మేనేజరు వినలేదు. రెండోసారీ వినలేదు. "మీ చుక్కల కోసం మా బిజినెస్ ఆపుకోమంటారా?" అన్నాడు. ఆ మాటకు నాకు బాధేసింది కానీ ఆయన తప్పు లేదు, మేం అడిగిన తీరు అలా ఉంది. మాఘమాసంలో ఆ హాల్లోనే మా బంధువుల పెళ్లి జరిగింది. తొమ్మిది దాటాక పురోహితులు వధూవరుల్ని బయటికి తీసుకొచ్చి, ఈశాన్యం వైపు చెయ్యి చాపి అరుంధతీ నక్షత్రం చూడమన్నారు. చెయ్యి తిన్నగా ఫ్లడ్‌లైటు మీదికి పోయింది. పెళ్లికూతురు చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్లు చికిలించి, "కనిపించిందండీ" అంది. ఏమీ కనిపించలేదని అందరికీ తెలుసు. నిజానికి మాఘంలో ఆ వేళకు సప్తర్షులు అదే దిక్కున లేస్తుంటారు. తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు, ఆయన్ని ఆనుకుని మసగ్గా అరుంధతి. పురోహితులు చూపించిన దిక్కు సరైనదే.

నేను అక్కడే ఉన్న మేనేజరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చెప్పాను. "బాబూ, మీరు పెళ్లిళ్లకే కదా హాలు కట్టారు. ఆ పిల్ల ఇప్పుడు దేన్ని చూసింది?" అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. మర్నాడు పొద్దున ఫోన్ చేసి రమ్మన్నాడు.

పని అరగంట కూడా పట్టలేదు. మెయిన్ ఆపించి, కింద ఒక మనిషిని కాపలా పెట్టి నిచ్చెన ఎక్కాను. లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపారన్న ఖాయం, లేకుండా చెయ్యి పెట్టే అలవాటు ఇంట్లో కూడా లేదు నాకు. ఒక్కో దీపానికి అటూ ఇటూ రెండు బోల్టులు, 13 నంబరు స్పానర్‌తో వదులు చేసి మూతిని కిందికి వంచి మళ్లీ బిగించడం, అంతే. ఆర్చి కోసం రెండు చిన్న దీపాలు పైనుంచి కిందికి వెలిగేలా పెట్టాం. తగరపు రేకు వంచి వాటికి టోపీ చేసిచ్చింది మా టైర్ల షాపు కుర్రాడు. పొద్దుగూకాక స్విచ్ వేస్తే పార్కింగ్ స్థలమంతా ఇంతకు ముందుకన్నా తేటగా ఉంది. కార్లు పెట్టించే వాచ్‌మన్ "ఇప్పుడు నంబరు ప్లేట్లు కనిపిస్తున్నాయి సార్, మునుపు కళ్లు జిగేల్‌మనేవి" అన్నాడు. నేను డాబా ఎక్కేసరికి మా ఇంటర్ అమ్మాయి ఉత్తరం వైపు నిలబడి ఉంది. "తాతయ్యా, అత్రి వచ్చాడు" అంది. ఆ రాత్రి కళ్లు బాగున్న పిల్లలు అరుంధతిని కూడా పట్టుకున్నారు. నాకు బైనాక్యులర్ కావాల్సి వచ్చింది.

సంపాదకులవారూ, ఈ ఊరికి ఆకాశంతో ఉన్న సంబంధం చాలామందికి తెలియదు, మా బృందంలో చేరేదాకా నాకూ తెలియదు. 1868 ఆగస్టు 18 ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు మీదుగా వెళ్లింది. దానికోసం ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త వచ్చి గుంటూరులో పరికరాలు పెట్టుకున్నాడు. టెనెంట్ అనే సైనికాధికారి నడిపిన బ్రిటిష్ బృందం కూడా ఇక్కడే దిగింది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. చంద్రుడు కమ్మేసిన సూర్యుడి అంచున లేచే ఎర్రటి మంటల వెలుగును రంగులుగా విడగొట్టి చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. ఇంత ప్రకాశంగా ఉన్నవి గ్రహణం లేకపోయినా కనిపించాలి కదా అని జాన్సెన్‌కు తట్టింది. మర్నాడు 19న మన గుంటూరు ఎండలోనే మామూలు సూర్యుడి అంచున ఆ గీతల్ని చూసేశాడు. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీత ఒకటి ఉంది. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకయర్ కూడా దాన్ని పట్టుకున్నాడు. భూమ్మీద అప్పటికి తెలిసిన ఏ పదార్థానిదీ కాదని తేలి, గ్రీకులో సూర్యుడి పేరు మీద హీలియం అన్నారు. భూమ్మీద అది దొరికింది 1895లో, విలియం రామ్సే చేతికి. మా నర్సు గారు ఈ సంగతి విని, "మా ఎంఆర్‌ఐ మెషీన్‌ను చల్లబరిచేది ఆ హీలియమేగా" అన్నారు. పుట్టినరోజు బెలూన్ పట్టుకుని తిరిగే పిల్లలకు ఆ కథ మన ఊరి నుంచి మొదలైందని చెప్పేవాళ్లు కావాలి.

మీ పత్రికను నేను కోరేది ఒకటే. రాశిఫలాలు వేసే పేజీలో వారానికోసారి నాలుగు లైన్లు ఆ వారం ఆకాశం గురించి వేయండి. సాయంత్రం పడమర మెరిసే చుక్క శుక్రుడా గురుడా, ఏ రోజు చంద్రుడు పిల్లలకోడి పక్కకు వస్తాడు, అంతే. మే మొదటి వారంలో ఒక రోజు, పగలు పన్నెండు దాటిన ఐదారు నిమిషాలకు, గుంటూరు విజయవాడల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా పాతిన స్తంభానికి అప్పుడు నీడ పడదు. దారానికి గుండు కట్టి స్తంభం నిలువు చూసుకుంటూ 36 ఏళ్లు గడిపిన నాకే ఆ రోజు ఉందని తెలియలేదు. ముందురోజు పేపర్లో వేస్తే బడి పిల్లలు కర్ర పాతుకుని చూస్తారు.

వీధి దీపాలు బిగించే తమ్ముళ్లకు, అపార్ట్‌మెంట్ల అసోసియేషన్ల వారికి, షాపుల యజమానులకు నా మనవి: ఒక రాత్రి బయటికి వచ్చి మీ దీపం మూతి చూడండి. బల్బు దూరం నుంచే కంట్లో పొడుస్తోందంటే అది వంగి లేదని గుర్తు. గుంటూరులోనైనా, ఏటి అవతల విజయవాడలోనైనా ఎవరైనా మీ పత్రిక ద్వారా కబురు చేస్తే నేను వస్తాను. స్పానర్ నేనే తెచ్చుకుంటాను. మెయిన్ దగ్గర నిలబడడానికి ఒక మనిషి, ఒక నిచ్చెన ఉంటే చాలు.

ఇట్లు,
విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టర్,
కొరిటెపాడు, గుంటూరు